గంటకు 97 మైళ్ళు, కానీ ఎటు?

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్న ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. వాళ్ళబ్బాయి చదివే యూనివర్సిటీ బేస్‌బాల్ టీములో ఒక పిచ్చర్ ఉన్నాడట. గంటకు 97 మైళ్ళు, అంటే మన లెక్కలో 156 కిలోమీటర్ల వేగంతో విసురుతాడు, కానీ ఒక బంతి క్యాచర్ గ్లవ్‌లో పడితే తర్వాతది వెనకున్న వలకి తగులుతుంది, ఇంకోటి బ్యాటర్ వీపుకి. అయినా అతను విసిరే రోజున ప్లేటు (బ్యాటర్ నిలబడే చోటు) వెనక సీట్లలో ప్రొఫెషనల్ క్లబ్బుల స్కౌట్లు, అంటే కొత్త ఆటగాళ్ళని వెతికేవాళ్ళు, రాడార్ గన్నులు పట్టుకుని వరసగా కూర్చుంటారు. అదే టీములో 88 మైళ్ళు వేస్తూ, పెట్టమన్న చోట బంతి పెట్టే కుర్రాడు ఇంకొకడున్నాడు. అతని మ్యాచ్‌కి ఒక్కడూ రాడు. "ఇదెక్కడి న్యాయమండీ?" అని ఆయన బాధ.

న్యాయం సంగతి పక్కన పెడదాం, దీని వెనకున్న ఫిజిక్స్ మాత్రం నాకు భలే ఇష్టం. బేస్‌బాల్ రూల్స్ జోలికి పోను, మనకి కావలసింది రెండే ముక్కలు. బ్యాటర్ ముందు స్ట్రైక్ జోన్ అని కంటికి కనపడని ఒక చట్రం ఉంటుంది, వెడల్పు 17 అంగుళాలు (43 సెంటీమీటర్లు), ఎత్తు మోకాళ్ళ దగ్గర్నుంచి రొమ్ము దాకా. బ్యాటు ఊపకుండా వదిలేసిన బంతులు నాలుగు దాని బయట పడితే బ్యాటర్ తీరిగ్గా ఫస్ట్ బేస్‌కి నడుచుకుంటూ పోతాడు, దాన్నే వాక్ అంటారు. పిచ్చర్ నిలబడే చోటు నుంచి ప్లేటుకి 18.44 మీటర్లు, కానీ అతను పెద్ద అంగ వేసి ముందుకొచ్చి విసురుతాడు కాబట్టి బంతి చేతిని వదిలేది సుమారు 16.5 మీటర్ల దూరంలో. బంతి అంచు తగిలినా చాలు కనక అడ్డంగా ఓ 50 సెంటీమీటర్ల వెసులుబాటు ఉంది. అంత దూరం నుంచి చూస్తే అది రెండు డిగ్రీల కోణానికి కాస్త తక్కువ. నిలువునా కూడా అటూఇటూగా అంతే.

సరే, ఆ రెండు డిగ్రీలు ఎందుకంత కష్టం? జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టల్ని తోలిన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. వడిసెలకి రెండు తాళ్ళు, నడుమ రాయి పట్టే అల్లిక. ఒక తాడు కొస వేలికి తగిలించి ఉంటుంది, రెండోది గుప్పిట్లో. గిర్రున తిప్పి రెండో కొస వదిలేస్తే రాయి ఆ క్షణంలో ఎటు వెళ్తోందో అటే తిన్నగా పోతుంది, స్పర్శరేఖ వెంబడి. ఒక్క పిసరు ముందు వదిలితే ఒక పక్కకి, ఒక్క పిసరు ఆలస్యమైతే ఇంకో పక్కకి. అంటే వడిసెలలో గురి అన్నది కంటికి సంబంధించిన విషయం కానే కాదు, తాడు వదిలే టైముకి సంబంధించినది. పిచ్చర్ చేయి కూడా వడిసెలే. తాడు బదులు ఎముకలు, కొస వదిలే పని చూపుడువేలిదీ మధ్యవేలిదీ.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం. 97 మైళ్ళంటే సెకనుకి 43 మీటర్లు. చేయి ఒక మీటరు వ్యాసార్ధం ఉన్న వృత్తం గీస్తోందనుకోండి. వేగాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే దిశ ఎంత త్వరగా మారుతోందో వస్తుంది: సెకనుకి 43 రేడియన్లు. అంటే సెకనులో వెయ్యో వంతులో, ఒక్క మిల్లీసెకనులో, దాదాపు రెండున్నర డిగ్రీలు! ప్లేటు దగ్గరికొచ్చేసరికి ఆ తేడా 71 సెంటీమీటర్లు అవుతుంది. ఒక మిల్లీసెకను తప్పితే మోకాలి దగ్గర పడాల్సింది ఛాతీ ఎత్తుకి వెళ్తుంది. రెండు తప్పితే బ్యాటర్ తల ఎత్తుకి పోతుంది.

ఇదే లెక్క ఆ 88 మైళ్ళ కుర్రాడికి వేయండి. సెకనుకి 39 మీటర్లు, మిల్లీసెకనుకి 65 సెంటీమీటర్లు. చూశారా? 71కీ 65కీ తేడా పదో వంతు కూడా లేదు. "అంత స్పీడుగా వేస్తే గురెక్కడ కుదురుతుంది" అని అందరూ అనేస్తారు గానీ లెక్కకి ఆ మాట నిలబడదు. మరి రెండోవాడికి గురి ఎలా కుదిరింది? మళ్ళీ వడిసెల దగ్గరికే రండి. చేయి తిరిగినవాడు తాడు వదిలే ముందు ఒక అడుగు ముందుకేసి, చేతిని కూడా గురి వైపు సాచుతాడు. దాంతో రాయి గీసే గుండ్రటి దారి ఆ చివరి ముక్కలో సాగి, ఇంచుమించు తిన్నగా అవుతుంది. పిచ్చర్ వేసే పెద్ద అంగ, నడుము తిప్పడం, వెన్ను ముందుకు వంచడం, వీటి ప్రయోజనాల్లో ఇదొకటి: భుజం ముందుకు కదులుతూ ఉంటే చేతి దారి చదునవుతుంది. వ్యాసార్ధం ఒక మీటరు బదులు రెండు మీటర్లు అయినట్టు లెక్క. అప్పుడు 97 మైళ్ళ బంతికి కూడా మిల్లీసెకనుకి తేడా 36 సెంటీమీటర్లే. తొమ్మిది మైళ్ళు తగ్గించుకుంటే ఆరు సెంటీమీటర్లు కలిసొచ్చింది, దారి చదును చేసుకుంటే 35. (నిజమైన చేతి దారి ఇంత శుభ్రమైన వృత్తం కాదు, మూడు దిశల్లో మెలికలు తిరుగుతుంది. అయినా బేరం ఎటు మొగ్గుతుందో ఈ లెక్క చెబుతుంది.)

స్కౌట్ల మొగ్గు కూడా ఇటే. 88 వేసేవాడిని 97కి తీసుకెళ్ళడం చాలా కష్టం. 97 వేసేవాడి చేతి దారిని, వదిలే టైముని బాగుచేయడం కూడా కష్టమే, కానీ కొందరిలోనైనా జరిగింది.

టైము బాగుచేయడమంటే "జాగ్రత్తగా వదలరా" అని చెప్పడం కాదు. పిచ్చర్ భుజం సెకనుకి ఏడు వేల డిగ్రీల దాకా వేగంతో తిరుగుతుంది, మనిషి ఒంట్లో అంతకంటే వేగమైన కదలిక లేదంటారు. చేయి పూర్తిగా వెనక్కి వంగిన క్షణం నుంచి బంతి వదిలేదాకా పట్టేది 30 నుంచి 50 మిల్లీసెకన్లు. మెదడు నుంచి వేళ్ళకి కబురు రావడానికే ఓ 20 పోతాయి, కంటితో చూసి సర్దుకోవాలంటే వందకి పైనే కావాలి. కాబట్టి మధ్యలో దిద్దుకోవడం అనే ముచ్చటే లేదు, ఆర్డరంతా ముందే వెళ్ళిపోయి ఉండాలి. అసలు వేళ్ళు తెరుచుకోవడంలో కూడా సగం పని బంతిదే. చేయి దూసుకుపోతుంటే బంతి వేళ్ళని వెనక్కి నెడుతుంది, వేళ్ళు ఎంత గట్టిగా నిలబడ్డాయన్న దాన్నిబట్టి అది జారిపోయే క్షణం తేలుతుంది. చెమట పట్టిన వేలు, బంతి కుట్టు మీద కాస్త పక్కకి పడ్డ వేలు, దేనివల్లయినా ఆ క్షణం మారచ్చు. మౌండ్ (పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ) మీద రోజిన్ పొడి (వేళ్ళకి పట్టునిచ్చే చెట్టు జిగురు పొడి) సంచి పెట్టుకోనిచ్చేది ఇందుకే. దీనికి తోడు కండరం ఎంత బలంగా లాగితే ఆ బలంలో తడబాటు అంత పెరుగుతుంది. హారిస్, వోల్పెర్ట్ అనే ఇద్దరు 1998లో మన కదలికల తీరుని ఈ సూత్రంతోనే వివరించారు.

ఒక మిల్లీసెకను తేడా విసిరినవాడికి తెలియదు. అంతా ఎప్పటిలాగే చేశాను, మరి ఎందుకిలా పోయింది అని బుర్ర గోక్కుంటాడు. కారణం కనపడనప్పుడు మనిషి ఏం చేస్తాడో మనకి తెలుసు కదా. మౌండ్ మీదకి వెళ్ళేటప్పుడు సున్నపు గీత తొక్కకుండా దాటే పిచ్చర్లు కోకొల్లలు. పరీక్షకి కలిసొచ్చిన పెన్నుతో వెళ్ళే మనం వాళ్ళని చూసి నవ్వక్కర్లేదు.

సరే, స్కౌట్ ఏం చూడాలి? నా మటుకు నాకు వాక్‌ల లెక్క కంటే తప్పిన బంతుల ఆకారం ముఖ్యం. కుడిచేతి పిచ్చర్ బంతిని తొందరగా వదిలితే అది పైకీ, అతని కుడి పక్కకీ పోతుంది. ఆలస్యమైతే కిందకీ, ఎడమకీ. ప్లేటు వెనక సీట్లోంచి చూసేవాళ్ళకి ఇది తిరగబడి, ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకి ఏటవాలుగా కనపడుతుంది. కాగితం మీద ఒక చతురస్రం గీసి, అతను వేసిన ఫాస్ట్‌బాల్ పడ్డ చోటల్లా చుక్క పెట్టండి. చుక్కలన్నీ ఆ ఏటవాలు గీత వెంబడి పరుచుకున్నాయంటే రోగం ప్రధానంగా ఒకటే, వదిలే టైము. అన్ని వైపులా చిందరవందరగా ఉంటే అంగ, నడుము, తల, భుజం అన్నీ ఒక్కో బంతికి ఒక్కోలా పోతున్నాయన్నమాట, ఆ కుర్రాడి మీద డబ్బు పెట్టడానికి నేనైతే వెనకాడతాను. ఇప్పుడు చాలా కాలేజీ గ్రౌండ్లలో ట్రాక్‌మ్యాన్ రాడార్లు వచ్చి, బంతి చేతిని ఏ చోట, ఏ కోణంలో వదిలిందో నేరుగా చెబుతున్నాయి, చుక్కలు పెట్టే పని తప్పింది.

ఈ కథలో హీరో ర్యాండీ జాన్సన్. 6 అడుగుల 10 అంగుళాల ఎడమచేతి పిచ్చర్, చదివింది యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో. కాలేజీలో కూడా వేగం ఉండేది, గురి ఉండేది కాదు. 1985 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే పద్ధతి అది) మాంట్రియల్ ఎక్స్‌పోస్ రెండో రౌండ్లో, మొత్తమ్మీద 36వ వాడిగా తీసుకుంది. తర్వాత సియాటిల్‌కి మారాక 1990, 91, 92 మూడేళ్ళూ అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ వాక్‌లు ఇచ్చింది ఇతనే: 120, 152, 144. పొడుగువాళ్ళకి గురి కుదరదు అనే మాట అక్కడ బాగా వాడుకలో ఉంది. తమాషా ఏంటంటే పై సూత్రం ప్రకారం చేయి పొడుగైతే వ్యాసార్ధం పెరిగి పని తేలికవ్వాలి! చిక్కు అక్కడ కాదు, మంచె దగ్గర. మంచె ఊగుతుంటే వడిసెల ఎంత చక్కగా తిప్పినా ఏం లాభం, వృత్తం మధ్య బిందువే కదిలిపోతోంది కదా. 1992లో ప్రత్యర్థి జట్టు టెక్సస్ రేంజర్స్‌కి చెందిన పిచ్చర్ నోలన్ రయాన్, వాళ్ళ పిచింగ్ కోచ్ టామ్ హౌస్ జాన్సన్‌ని పిలిచి ఒక విషయం చూపించారు: ముందుకాలు మడమ మీద దిగుతోంది, దాంతో ఒళ్ళు ప్లేటు వైపు కాకుండా పక్కకి ఒరిగిపోతోంది, పాదం ముందుభాగం మీద దిగు అని. రయాన్‌కి ఈ బాధ తెలియంది కాదు, కెరీర్ మొత్తమ్మీద 2,795 వాక్‌లు ఇచ్చిన రికార్డు ఆయనదే. 1993లో జాన్సన్ 308 మందిని స్ట్రైకౌట్ చేశాడు (అంటే బంతిని కొట్టలేకుండానే ఔటయ్యారు), వాక్‌లు 99కి తగ్గాయి, అదీ ముందటేడు కంటే ఎక్కువ ఇన్నింగ్స్ వేసి. మడమ ఒక్కటే కారణమని నేననను. 92 క్రిస్మస్ నాడు తండ్రి పోవడం తనలో పట్టుదల పెంచిందని అతనే చెప్పుకున్నాడు. కానీ మడమ లేకుండా ఈ కథ లేదు. ఇంకా చిత్రం, దీన్ని దిద్దడానికి చేతి జోలికి ఎవరూ పోలేదు.

కోచ్‌లకి ఇక్కడే ఒక మాట అనాలనిపిస్తుంది. మోచెయ్యి ఎత్తు, మణికట్టు తిప్పు అని ఒంట్లోని భాగాల పేర్లు చెబుతూ పోతే ఆటగాడు బిగుసుకుపోతాడు, గ్లవ్ వైపో, కాలు దిగాల్సిన చోటు వైపో దృష్టి మళ్ళిస్తే మెరుగ్గా నేర్చుకుంటాడు అని కదలికల మీద జరిగిన పరిశోధనలు చాలావరకు చెబుతున్నాయి. మన బళ్ళలో "మనసు పెట్టి చెయ్యరా" అంటారే, అది ఇంకా ఘోరం. మనసు పెట్టడానికి ఆ 30 మిల్లీసెకన్లలో చోటెక్కడుంది?

అందరికీ మడమ దొరకదు. స్టీవ్ డాల్కౌస్కీ అని 1950, 60ల్లో మైనర్ లీగుల్లో (మేజర్ లీగ్‌కి కింది స్థాయి పోటీలు) ఒకతనుండేవాడు, అంత వేగంగా విసిరినవాణ్ణి చూడలేదని చూసినవాళ్ళు చాలామంది చెప్పారు. 1960లో స్టాక్‌టన్ జట్టుకి 170 ఇన్నింగ్స్ వేసి 262 స్ట్రైకౌట్లు చేశాడు, వాక్‌లు కూడా సరిగ్గా 262 ఇచ్చాడు! 1958లో అతని వేగం కొలవడానికి అబర్డీన్‌లోని సైన్యం పరీక్షా కేంద్రానికి తీసుకెళ్తే, రాడార్ కొలిచే చోటు లోంచి బంతి పంపడానికే చాలాసేపు పట్టిందట. చివరికి వచ్చిన అంకె 93.5 మైళ్ళు, అదీ ముందురోజు మ్యాచ్ ఆడిన చేత్తో, మౌండ్ లేకుండా. 1962లో గురి కాస్త దారికొచ్చింది, 1963లో మోచెయ్యి పోయింది. మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు.

స్కౌట్ రిపోర్టులో ప్రతి నైపుణ్యానికీ 20 నుంచి 80 దాకా మార్కులుంటాయి, 50 అంటే మేజర్ లీగ్ సగటు. ప్రతిదానికీ రెండు అంకెలు, ఇప్పుడెంత, ముందుముందు ఎంత కావచ్చు. ఫ్రిస్కో పాఠకుడు చెప్పిన కుర్రాడి లాంటివాడికి ఫాస్ట్‌బాల్ 70, కంట్రోల్ 30 అని రాసి, ఆ 30 పక్కన రెండో అంకె దగ్గర స్కౌట్ పెన్ను ఆగుతుంది. 45 అని రాయాలా, 30 దగ్గరే వదిలేయాలా? జీతమిచ్చేది ఆ అంకె కోసమే.

మన దేశంతో కూడా దీనికి ఒక లంకె ఉంది. 2008లో ఇక్కడ బంతి వేగంగా విసిరే పోటీ పెట్టి ఉత్తరప్రదేశ్‌కి చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్ళని ఎంచి అమెరికా తీసుకెళ్ళారు. అంతకుముందు బేస్‌బాల్ ఆడింది లేదు. వాళ్ళకి శిక్షణ ఇచ్చింది ఆ టామ్ హౌసే, చోటు కూడా జాన్సన్ చదివిన యూనివర్సిటీయే. జావెలిన్ పడాల్సిన మేర దాదాపు 29 డిగ్రీల వెడల్పు ఉంటుంది, అందులో ఎక్కడ గుచ్చుకున్నా చెల్లుతుంది. ఆ అలవాటుతో పెరిగిన చేతుల్ని రెండు డిగ్రీల్లోకి కుదించడానికి ఉన్న గడువు ఏడాది కూడా లేదు. ఆ నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ కాంట్రాక్టు రాయించుకుంది. పటేల్ 2010 కల్లా వెనక్కొచ్చేశాడు. రింకూ మైనర్ లీగుల్లో ఇంకొన్ని సీజన్లు వేశాడు.