పాలమూరులో పెద్దవాళ్లకు నీడ కరువు: అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్ బస్టాండు, రైల్వే స్టేషను, చుట్టుపక్కల గుళ్లు. రాత్రిపూట ఈ చోట్ల పడుకునే ముసలివాళ్లతో మాట్లాడి, వీలైతే సొంతూరికి, లేదంటే వసతి గృహానికి చేర్చడం నా పని. ఈ సంగతి తెలిసిన వాళ్లంతా నాకు ఏదో ఒకటి చెబుతుంటారు. చాలాసార్లు తప్పే చెబుతారు. ఆ తప్పు మాటలు నమ్మి కూర్చోవడం వల్ల, ముందే ఆపగలిగిన కేసులు కూడా బస్టాండు దాకా వస్తున్నాయి. అందుకే ఈ పోస్టు.

అపోహ: పిల్లలు లేనివాళ్లే ఇట్లా రోడ్డున పడతారు.

నేను మాట్లాడినవాళ్లలో చాలామందికి ఇద్దరు ముగ్గురు పిల్లలున్నారు. మొదటి రోజు అడిగితే మాత్రం "నాకెవ్వల్లేరు బిడ్డా" అంటారు. కొడుకు పేరు చెబితే పోలీసులు పట్టుకుపోతారేమోనని భయం, ఊళ్లో ఇజ్జత్ పోతుందని ఇంకో భయం. అందుకే మేం పిల్లల సంగతి ముందు ఎత్తం. ఏ ఊరు, ఏ చెరువు కింద పొలం, ఏం పంట వేసేవాళ్లు అని అడుగుతాం. పొలం మాట వచ్చిందంటే మిగతా కథ దానంతట అదే వస్తుంది.

ఆ కథ కూడా దాదాపు ఒకే తీరు. తాత ఉన్నన్నాళ్లు ఇద్దరూ సొంత ఇంట్లోనే ఉంటారు. తాత పోయాక పొలం పంచుకుంటారు, ఆ పంపకాల్లోనే అవ్వకూ వంతులు పడతాయి. పెద్దోడి ఇంట్లో ఒక నెల, చిన్నోడి ఇంట్లో ఒక నెల. ముప్పై ఒకటో తారీఖు ఎవరి లెక్కలోకి వస్తుందన్న పంచాయితీ కూడా చూశాను, నవ్వులాటకు చెప్పడం లేదు. ఇంతలో ఒక కొడుకు కుటుంబంతో సహా పనికి ముంబైకో పుణెకో పోతాడు. వాడి నెల వచ్చేసరికి ఇంటికి తాళం. రెండోవాడు "నా వంతు అయిపోయింది" అంటాడు. అవ్వ మూట కట్టుకుని బయలుదేరేది అప్పుడే.

కొడుకులందరూ దుర్మార్గులని నేననను. పాలమూరు వలస ఇవాళ్టిది కాదు. హైదరాబాద్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని నలుగురు సర్దుకునే మేస్త్రీ, తల్లికి మంచం ఎక్కడ వేస్తాడు? అయితే చోటు లేకపోవడం వేరు, పొలం రాయించుకుని తలుపు వేయడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కడితే మొదటివాడికి సాయం అందదు, రెండోవాడికి భయం ఉండదు.

అపోహ: ఒక్కసారి రాసిచ్చాక ఇక చేసేదేం లేదు.

ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో 23వ సెక్షన్ చదవాల్సినది. చట్టం అమల్లోకి వచ్చాక, తమను చూసుకోవాలన్న షరతుతో అరవై దాటినవాళ్లు ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్లు ఆ తర్వాత చూడకపోతే, ఈ కేసులు వినడానికి ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును చెల్లదని ప్రకటించవచ్చు.

చిక్కంతా "షరతు" అన్న మాట దగ్గరే. షరతు ఉన్నట్టు తేలాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో వచ్చిన ఇంకో తీర్పులో, ఇది పెద్దవాళ్ల మేలు కోసం పెట్టిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలని, స్వాధీనం తిరిగి ఇప్పించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. అయినా నోటిమాట షరతును నమ్ముకుని వెళ్లిన కేసు ఎప్పుడూ కష్టమే. గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, రాయించేటప్పుడే "నేను బతికి ఉన్నంతకాలం తిండి, బట్ట, వైద్యం, ఈ ఇంట్లో ఉండే చోటు ఇవ్వాలి, లేదంటే ఈ దానం రద్దవుతుంది" అన్న వాక్యం పెట్టించండి. రాసే అతను "ఇంట్లోవాళ్ల మధ్య ఇవన్నీ ఎందుకమ్మా" అంటాడు. అననీయండి.

అసలు బతికుండగా రాసివ్వడం ఎందుకని కూడా అడుగుతాను. వీలునామా ఉంది కదా. ఇద్దరు సాక్షుల ముందు సంతకమో వేలిముద్రో పెట్టి, వాళ్ల సంతకాలు కూడా తీసుకుంటే మామూలు కాగితం మీద రాసినా చెల్లుతుంది. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు. మీరున్నన్నాళ్లు ఆస్తి మీదే.

అపోహ: కేసంటే వకీలు, కోర్టు, ఏళ్లకేళ్లు తిరుగుడు.

పోషణ ఖర్చుల కోసమైనా, రాసిచ్చిన ఆస్తి కోసమైనా ఈ చట్టం కింద దరఖాస్తు ఇచ్చేది కోర్టులో కాదు, ఆర్డీవో ఆఫీసులో. తెల్లకాగితం మీద రాసుకుని వెళ్లినా చాలు. నడవలేనివాళ్ల తరఫున, వాళ్లు ఒప్పుకుంటే వేరే మనిషో సంస్థో ఇవ్వవచ్చు. వకీలు లేకుండానే నడవాలని చట్టం రాసింది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. పోషణ ఖర్చుల కింద నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చు. గడువులన్నీ కాగితం మీద ఉన్నంత చకచకా నడుస్తాయని మాత్రం నేను చెప్పను. తిరగాలి, అడగాలి.

కొడుకులకే బాధ్యత, ఆడబిడ్డలకు సంబంధం లేదనేది కూడా తప్పే. కొడుకు, కూతురు, మేజర్లయిన మనవలు, మనవరాళ్లు అందరూ వస్తారు. కోడలు, అల్లుడు ఆ జాబితాలో లేరు. పిల్లలే లేనివాళ్లకు, వాళ్ల ఆస్తి ఎవరికి దక్కుతుందో ఆ బంధువు బాధ్యుడు. "బిడ్డ ఇంట్ల ఎట్ల ఉంటం" అని పస్తులుండే తల్లులకు ఈ ముక్క చెబితే నమ్మరు. రెండు మూడుసార్లు చెప్పాలి.

అపోహ: ఆసరా పెన్షన్ వస్తోంది కదా, ఇంకేం కావాలి?

2019 నుంచి వృద్ధులకు ఇస్తున్నది నెలకు 2,016 రూపాయలు. మందులకు పోగా అందులో గది కిరాయి ఎక్కడ వస్తుంది? పైగా మట్టిపని చేసి అరిగిపోయిన వేళ్ల ముద్రలు పెన్షన్ ఇచ్చే మెషీన్ మీద ఒక్కోసారి పడవు. అవ్వ ఇంట్లోంచి వెళ్లిపోయినా పాస్‌బుక్కు మాత్రం కోడలి బీరువాలోనే ఉంటుంది.

అపోహ: గుడి దగ్గర కనబడ్డ ముసలివాళ్లందరినీ ఎవరో వదిలేసి వెళ్లారు.

కొందరు దారి తప్పినవాళ్లు. మతిమరుపు జబ్బుతో బస్సెక్కి, ఎక్కడ దిగారో తెలియని తాతను నేనే చూశాను. అటు ఇంట్లోవాళ్లు మూడు రోజులుగా వెతుకుతున్నారు. అలాంటి పెద్దలు ఇంట్లో ఉంటే ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టకండి, చొక్కా లోపలివైపు కుట్టించండి.

అపోహ: వృద్ధాశ్రమంలో చేర్పిస్తే సరి.

నడిచి తమ పని తాము చేసుకునేవాళ్లను తీసుకుంటారు, మంచాన పడ్డవాళ్లను తీసుకునే చోట్లు తక్కువ. నల్లగొండలో పనిచేసే మా తోటివాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములు ఇప్పుడు మంచినీళ్లు తాగినంత మాత్రాన నిటారు కావు. వాళ్లకు మెట్లున్న వసతి గృహం ఉన్నా లేనట్టే. ఇంకో సంగతి, ఆశ్రమంలో చేరిన వారానికే సగంమంది "నన్ను మా ఊరికి తోలండి" అంటారు.

మీకెవరైనా కనబడితే చేతిలో పది రూపాయలు పెట్టి బస్సెక్కించకండి. ముందు తిన్నారో లేదో అడిగి, 14567కు ఫోన్ చేయండి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ అది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. ఆ వేళ దాటితే 112.

దేవరకద్ర వైపు ఊరి అవ్వ ఒకామెతో ఆర్డీవో ఆఫీసుకు వెళ్లాను. ఇద్దరు కొడుకులూ వచ్చి తలలు వంచుకుని నిలబడ్డారు. నెలకు ఎంత కావాలని సారు అడిగారు. "పైసల సంగతి తర్వాత సారూ, ముందు మా పాత ఇంటి తాళంచెవి ఇప్పియ్యండి" అంది. ఇంటి ముందు గది ఆమెకు వచ్చింది. పొయ్యి వేరు, తాళం వేరు. నెలనెలా ఇవ్వాల్సిన డబ్బు చిన్నకొడుకు కొన్ని నెలల్లో ఆలస్యం చేస్తాడు. ఐదో తారీఖు దాటితే అతనికి ఫోన్ చేసేది నేనే.