థాయ్ అల్లుడికి ఏడాది గడువు

థాయ్ అమ్మాయిని పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడదామనుకునే వాళ్లు మొదట వెతికేది 'స్పౌజ్ వీసా'. ఆ పేరుతో థాయ్‌లాండ్‌లో వీసా ఏదీ లేదు. ఉన్నదల్లా నాన్-ఇమిగ్రెంట్ 'ఓ'. భర్తలు, భార్యలు, రిటైరైన పెద్దవాళ్లు అందరూ ఆ ఒక్క పద్దు కిందికే వస్తారు. దాంతో 90 రోజులు ఉండొచ్చు. ఆ తర్వాత ఏడాది గడువు (ఎక్స్‌టెన్షన్) ఇస్తారు, ఏడాదయ్యాక మళ్లీ ఫైలు పట్టుకుని వెళ్లాలి. పెళ్లయి ఇరవై ఏళ్లయినా అంతే. ఇల్లరికం వెళ్లిన అల్లుడిని ఏటా సంక్రాంతికి 'ఇంకో ఏడాది ఉంటావా బాబూ' అని అడిగినట్టుంటుంది.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. అక్కడి మొదటి ఇమిగ్రేషన్ చట్టం 1927 నాటిది. చైనా నుంచి వచ్చిపడుతున్న కూలీలు, వ్యాపారులే అప్పటి పాలకుల బెంగ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శాశ్వత నివాసానికి దేశాలవారీ కోటాలు వచ్చాయి. ఇప్పుడు ఒక్కో దేశానికి ఏటా 100 మంది. భారతీయులకూ ఆ వందే. ఇప్పుడు నడుస్తున్న చట్టం 1979లో వచ్చింది. విదేశీయుడు 90 రోజులకోసారి తన చిరునామా తెలియజేయాలన్నదీ, ఇంట్లో విదేశీయుడు దిగితే ఇంటి యజమాని 24 గంటల్లో చెప్పాలన్నదీ అందులోవే. భార్య పేరున ఇల్లుంటే భర్త వచ్చాడని భార్యే రిపోర్టు చేయాలి.

ఎవరి దగ్గర ఎంత డబ్బుండాలి, ఏ కాగితం పెట్టాలి అన్నవి మాత్రం ఆ చట్టంలో లేవు. వాటిని పోలీసు శాఖ ఉత్తర్వులు తేలుస్తాయి. ఇమిగ్రేషన్ అక్కడ పోలీసుల చేతిలో ఉంటుంది కాబట్టి, పార్లమెంటు దాకా పోకుండానే రూల్స్ మారిపోతుంటాయి. 2006 నాటి ఉత్తర్వు భర్తల విషయంలో బ్యాంకు డిపాజిట్ దారి మూసేసి, కుటుంబానికి నెలకు 40,000 బాట్‌ల ఆదాయం చూపమంది. 2008 నవంబర్‌లో వచ్చిన 777/2551 ఉత్తర్వు డిపాజిట్ దారిని మళ్లీ తెరిచింది. ఆ 2551 బౌద్ధ శకం లెక్క, మనకంటే 543 ఏళ్లు ముందుంటుంది. 2014లో వచ్చిన 327/2557 కూడా అదే కొనసాగించింది. థాయ్ బ్యాంకులో 4 లక్షల బాట్‌లు రెండు నెలల ముందు నుంచీ ఉండాలి, లేదా నెలకు 40,000 బాట్‌ల ఆదాయం చూపాలి. మన లెక్కలో ఆ డిపాజిట్ పది లక్షల రూపాయల పైమాటే.

ఈ డబ్బు షరతు విదేశీ భర్తకే. థాయ్ మగవాణ్ని చేసుకున్న విదేశీ భార్యకు లేదు. మగవాడే పోషించాలి, ఆడది అతని వెంట వచ్చేదే అన్న పాత లెక్క ఇది. 1965 జాతీయతా చట్టంలోనూ ఇదే ధోరణి: విదేశీ భార్యకు పెళ్లి ఆధారంగా పౌరసత్వం అడిగే దారుంది, విదేశీ భర్తకు లేదు. అందరు విదేశీయుల్లాగే దరఖాస్తు పెట్టుకునే నేచురలైజేషనే అతనికి గతి. అందులో కొన్ని సడలింపులు 2008లో గానీ రాలేదు. థాయ్ తల్లి తన పిల్లలకు తండ్రితో సమానంగా జాతీయత ఇవ్వగలిగింది 1992 సవరణతోనే. విదేశీయుణ్ని చేసుకున్న థాయ్ స్త్రీ భూమి కొనాలన్నా 1999 దాకా తంటాలే. ఇప్పుడు కొనొచ్చు గానీ, ఆ డబ్బు పూర్తిగా ఆమెదేనని మొగుడు సంతకం పెట్టివ్వాలి. వీసా గురించి గొణిగే భర్తలకు ఈ సంగతి చాలామందికి తెలియదు. పెళ్లి తమకంటే ఎక్కువ ఖరీదైంది ఆ భార్యలకు.

డబ్బు చూపలేని వాళ్లు చాలాకాలం సరిహద్దుల మీదే బతికారు. మల్టిపుల్ ఎంట్రీ నాన్-ఓ ఏడాది చెల్లుతుంది, కానీ 90 రోజులకోసారి బయటికెళ్లి రావాలి. లావోస్‌లోని సవన్నాఖేత్‌లో ఉన్న థాయ్ కాన్సులేట్ పెళ్లి కాగితాలు చూసి, బ్యాంకు లెక్కలు అడక్కుండా ఆ వీసా ఇస్తుందని పేరు పడింది. మెకాంగ్ దాటి వెళ్లి, రెండ్రోజులుండి స్టాంపుతో వచ్చేవాళ్లు. 2025 జనవరి 1 నుంచి థాయ్ ఎంబసీలన్నీ ఆన్‌లైన్‌లో అప్లై చేసుకునే ఈ-వీసాకు మారాయి.

ఏడాది ఎక్స్‌టెన్షన్ ఫైలు ఒకసారి చూస్తే, స్తోమత ఉన్నవాళ్లు కూడా పక్కదారులు ఎందుకు వెతుకుతారో అర్థమవుతుంది. టీఎం-7 ఫారం, 1,900 బాట్‌ల ఫీజు, బ్యాంకు లెటర్, ఆ రోజే అప్‌డేట్ చేయించిన పాస్‌బుక్. పెళ్లి సర్టిఫికెట్టుతో పాటు జిల్లా ఆఫీసు నుంచి 'ఖోర్ రోర్ 2' అనే పెళ్లి రిజిస్టరు తాజా నకలు. భార్య ఐడీ, ఇంటి రిజిస్టరు, అంటే నీలం పుస్తకం. ఇంటికి దారి చూపే మ్యాపు. ఇంటి నంబరు కనపడేలా గుమ్మం ముందు ఇద్దరూ నిలబడ్డ ఫోటో, హాల్లో కూర్చున్నది ఒకటి, చాలాచోట్ల పడకగదిలోనూ ఒకటి. ప్రతి నకలు మీదా సంతకం. భార్య పక్కనే ఉండాలి. ఇంతా చేస్తే ముందు 30 రోజుల 'పరిశీలనలో ఉంది' స్టాంపు పడుతుంది. ఈలోగా అధికారులు ఇంటికి రావచ్చు, పక్కింటివాళ్లను అడగొచ్చు.

అందుకే 50 దాటిన భర్తలు చాలామంది రిటైర్మెంట్ ఎక్స్‌టెన్షన్‌కు పోతారు. దానికి 8 లక్షల బాట్‌లు లేదా నెలకు 65,000 ఆదాయం కావాలి. రెట్టింపు డబ్బు, సగం కాగితాలు. సాధారణంగా అదే రోజు పనైపోతుంది. కానీ దాని మీద ఉద్యోగం చేయకూడదు. పైగా 2019 నుంచి ఆ 8 లక్షలు ఎక్స్‌టెన్షన్ వచ్చాక కూడా మూడు నెలలు కదలకూడదు, ఆ తర్వాతా 4 లక్షలకు తగ్గకూడదు. పెళ్లి మీదైతే వర్క్ పర్మిట్ తీసుకోవచ్చు. కంపెనీకి ఒక్కో విదేశీ ఉద్యోగికి 20 లక్షల బాట్‌ల మూలధనం అడిగేచోట, థాయ్ భాగస్వామి ఉన్నవాడికి 10 లక్షలు చాలు. ఉద్యోగం చేసుకోవాలనుకునే వయసువాళ్లు కాగితాల బాధ పడటమే మేలని నా అభిప్రాయం. ఒక్క మెలిక: విడాకులైనా, భార్య చనిపోయినా ఆ ఆధారం పోతుంది. రిటైర్మెంట్‌కు ఆ భయం లేదు.

2024 జులైలో డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) వచ్చాక లెక్క మళ్లీ మారింది. చేతిలో 5 లక్షల బాట్‌లు, 10,000 బాట్‌ల ఫీజు, ఐదేళ్ల చెల్లుబాటు, వచ్చినప్పుడల్లా 180 రోజులు. బయటి దేశపు కంపెనీకి ఆన్‌లైన్‌లో పనిచేసే వాళ్లకు ఇది సుఖం. థాయ్ కంపెనీలో ఉద్యోగానికి పనికిరాదు.

మనవాళ్ల విషయానికొస్తే, మొన్నమొన్నటిదాకా భారతీయులకు దొరికింది 15 రోజుల వీసా ఆన్ అరైవల్. దేశంలో ఉండగానే నాన్-ఓకు మారాలంటే చేతిలో కనీసం 15 రోజులు మిగిలుండాలి, కాబట్టి దిగిన గంటకే ఆ దారి మూసుకుపోయేది. 2023 నవంబర్‌లో వీసా లేకుండా 30 రోజులు, 2024 జులైలో 60 రోజులు ఇచ్చాక, హైదరాబాద్ నుంచి విమానం దిగి అక్కడే కాగితాలు మొదలుపెట్టడం కుదిరింది. ఇలాంటి వెసులుబాట్లు ఎప్పుడైనా మారొచ్చు, టికెట్ కొనేముందు చూసుకోవాలి. పెళ్లి మన దగ్గర రిజిస్టరైతే దాన్ని థాయ్ జిల్లా ఆఫీసులో మళ్లీ నమోదు చేయించాలి. ఆ నమోదు కాగితమే 'ఖోర్ రోర్ 22'. అది లేనిదే ఎక్స్‌టెన్షన్ ఫైలు కదలదు.

2025 జనవరి 23న అమల్లోకి వచ్చిన పెళ్లి సమానత్వ చట్టం సివిల్ కోడ్‌లో భర్త, భార్య అన్నచోట 'జీవిత భాగస్వామి' అని రాసింది. స్వలింగ జంటలకూ పెళ్లి ఆధారంగా ఉండే దారి తెరుచుకుంది. భర్తకొకటి, భార్యకొకటి అని విడివిడిగా హక్కులు రాసిన ఇతర చట్టాల జోలికి మాత్రం అది పోలేదు. పౌరసత్వం విషయంలో విదేశీ భార్యకున్న దారి విదేశీ భర్తకు ఆ చట్టంతోనూ రాలేదు.