జైళ్లు నిండాక పుట్టిన డ్రగ్ కోర్టులు

1980ల చివరికి అమెరికాలోని మయామీ కోర్టులు కేసులతో ఉక్కిరిబిక్కిరి అయిపోయాయి. కొకైన్ నుంచి తయారయ్యే క్రాక్ చవగ్గా వీధుల్లోకి వచ్చేసింది. పోలీసులు చిన్న మోతాదుతో దొరికినవాణ్ని పట్టుకొస్తారు, అతను కొన్నాళ్లు జైల్లో ఉండి బయటికొస్తాడు, ఎన్నాళ్లో కాకముందే మళ్లీ అదే బోనులో నిలబడతాడు. జైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. ఖైదీల సంఖ్య తగ్గించమని పైనుంచి ఒత్తిడి. శిక్షకు బదులు జడ్జి పర్యవేక్షణలో చికిత్స చేయించే డ్రగ్ కోర్టు అనే ఆలోచన ఈ ఇరుకులోంచి వచ్చింది. ఎవరికో జాలి కలిగి పెట్టిన కోర్టు అనుకుంటే, దానిలోని మంచీ చెడూ రెండూ సరిగ్గా అర్థం కావు.

మత్తుకు బానిసైన మనిషి రోగియా, నేరస్తుడా అన్న పేచీ మాత్రం అంతకన్నా పాతది. 1935లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఒక పెద్ద సంస్థ తెరిచింది. అది సగం జైలు, సగం ఆసుపత్రి. శిక్షపడ్డ ఖైదీలూ, తమంతట తాము వచ్చి చేరినవాళ్లూ ఒకే చోట ఉండేవారు. లోపల ఉన్నన్నాళ్లు బాగానే ఉండి, ఇంటికెళ్లాక మళ్లీ మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత లాస్ ఏంజెలిస్‌లో ఒకతని చేతుల మీద సూది మచ్చలు చూసి పోలీసులు అరెస్టు చేశారు. అప్పుడు అతను మత్తులో లేడని ఆ పోలీసులే ఒప్పుకున్నారు. అయినా శిక్ష పడింది. మత్తుకు అలవాటుపడి ఉండటమే కాలిఫోర్నియా చట్టంలో నేరం, కనీసం 90 రోజుల జైలు. 1962లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. వ్యసనం జబ్బులాంటిది, జబ్బుందని మనిషిని శిక్షించడం రాజ్యాంగానికే విరుద్ధమని తేల్చింది.

ఇంత స్పష్టమైన తీర్పు వచ్చాక దారి మారాల్సింది. కానీ దేశం ఎదురు దిశలో నడిచింది. 1971లో అధ్యక్షుడు నిక్సన్ మత్తుపదార్థాల వాడకాన్ని దేశానికి మొదటి శత్రువుగా ప్రకటించాడు. 1973లో న్యూయార్క్ తెచ్చిన చట్టంలో కొద్ది ఔన్సుల హెరాయిన్ దొరికినా కనీసం 15 ఏళ్ల శిక్ష. 1986 ఫెడరల్ చట్టం ఇంకా ఘోరం. అమ్మడానికి ఐదు గ్రాముల క్రాక్‌తో దొరికితే ఐదేళ్లు తప్పనిసరి, అదే పొడి రూపంలో ఉన్న కొకైన్‌కైతే 500 గ్రాములు ఉండాలి. ఆ క్రాక్ కేసుల్లో శిక్షపడ్డవాళ్లలో అత్యధికులు నల్లజాతివారు. ఈ అన్యాయాన్ని అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) కొంతైనా సవరించింది 2010లో, అదీ పూర్తిగా కాదు.

మయామీ ప్రయోగం మొదలైంది ఈ వాతావరణంలోనే, 1989లో. హెర్బర్ట్ క్లైన్ అనే జడ్జి సమస్యను అధ్యయనం చేసి పథకం తయారుచేశాడు. అక్కడి ప్రాసిక్యూటర్ జానెట్ రీనో మద్దతిచ్చింది. తర్వాత దేశానికి అటార్నీ జనరల్ అయిన రీనోనే ఈమె. కోర్టు నడిపే బాధ్యత స్టాన్లీ గోల్డ్‌స్టైన్‌కు అప్పగించారు. ఆయన ఒకప్పుడు పోలీసు, ఆ తర్వాత ప్రాసిక్యూటర్.

ఆ కోర్టు హాల్లో పని నడిచే తీరే వేరు. మామూలు కోర్టులో నిందితుడు నోరు విప్పడు, అంతా లాయరే మాట్లాడతాడు. ఇక్కడ జడ్జి లాయర్లను పక్కనపెట్టి నేరుగా మనిషితోనే మాట్లాడతాడు. ఈ వారం కౌన్సెలింగ్‌కు వెళ్లావా, పని దొరికిందా, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు అని అడుగుతాడు. యూరిన్ టెస్ట్ రిపోర్టు ఆయన ముందే ఉంటుంది కాబట్టి అబద్ధం నిలవదు. రిపోర్టు బాగుంటే మెచ్చుకుంటాడు, హాల్లో అందరూ చప్పట్లు కొడతారు. వాయిదాలు ఎగ్గొడితే కొన్ని రోజులు జైలు, ఆ తర్వాత మళ్లీ అదే చికిత్స. ప్రాసిక్యూటర్, డిఫెన్స్ లాయర్, చికిత్స కేంద్రం మనిషి విచారణకు ముందే కూర్చుని ఒక్కొక్కరి పరిస్థితీ మాట్లాడుకుంటారు. మొదట్లో వాయిదాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, మనిషి కుదురుకునే కొద్దీ దూరమవుతాయి. ఏడాదో ఆ పైనో నిలబడి పూర్తిచేసినవారి మీద మయామీలో కేసు ఎత్తేసేవారు.

అక్కడ చికిత్సలో భాగంగా చెవులకు ఆక్యుపంక్చర్ సూదులు కూడా గుచ్చేవారు. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని లింకన్ హాస్పిటల్ నుంచి తెచ్చుకున్న పద్ధతి ఇది. కొకైన్ అలవాటుపై ఆ సూదులకు ప్రత్యేక ప్రభావమేమీ లేదని 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. కోర్టు పనిచేసింది సూదుల వల్ల కాదన్నమాట.

మరి దేనివల్ల? 23 డ్రగ్ కోర్టులను పరిశీలించి 2011లో విడుదల చేసిన అధ్యయనం దీనికి కొంత జవాబు చెప్పింది. ఈ కోర్టుల్లో ఉన్నవాళ్లు, మామూలు కోర్టులకు వెళ్లినవాళ్లకన్నా మత్తు వాడటం, నేరాలు చేయడం తగ్గించారు. జడ్జి తనను గౌరవంగా, న్యాయంగా చూశాడని నమ్మినవాళ్లలో ఫలితాలు ఇంకా మెరుగు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అతి ముఖ్యమైన సంగతి ఇదే. ఎన్నో ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని మనిషి, అధికారంలో ఉన్న ఒకరు పేరు పెట్టి పిలిచి ఎలా ఉన్నావని అడిగితే నిలబడే అవకాశం ఉంది.

1994 నేర చట్టం ఫెడరల్ నిధులకు దారి తెరవడంతో డ్రగ్ కోర్టులు దేశమంతా వచ్చాయి. ఇప్పుడు మూడు వేలకు పైనే ఉన్నాయి. టొరంటోలో 1998లో, ఆస్ట్రేలియాలోని పారమట్టాలో 1999లో ఇలాంటివే మొదలయ్యాయి.

వ్యాపించే క్రమంలో లోపాలూ బయటపడ్డాయి. చాలాచోట్ల ముందు నేరం ఒప్పుకుంటేనే చికిత్సలో చేర్చుకుంటారు. మధ్యలో తప్పితే ఒప్పుకున్న నేరానికి శిక్ష సిద్ధంగా ఉంటుంది, అది ఒక్కోసారి మామూలు కోర్టులో పడేదానికన్నా ఎక్కువ. ఇంతకన్నా బాధ కలిగించేది మందుల విషయం. హెరాయిన్‌లాంటి మత్తుకు బానిసైనవారికి మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ ప్రాణాలు కాపాడే మందులు. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు ఇవ్వడమేంటని కొందరు జడ్జిలు వాటిని ఆపించేశారు. షుగర్ పేషెంట్‌కు ఇన్సులిన్ మానేయమని ఏ జడ్జీ చెప్పడు కదా! డాక్టర్ రాసిన మందును కోర్టు మాన్పించడం చికిత్స పేరుతో చేసిన హాని. మందులు నిరాకరించే కోర్టులకు నిధులు ఇవ్వబోమని 2015లో ఫెడరల్ ప్రభుత్వం ప్రకటించింది. 2022లో ఇదే విషయంపై న్యాయశాఖ పెన్సిల్వేనియా కోర్టు వ్యవస్థ మీదే దావా వేసింది.

మళ్లీ వాడటం ఈ జబ్బు లక్షణం. దానికే జైలుకు పంపవచ్చా? మసాచుసెట్స్‌లో దొంగతనం కేసులో ప్రొబేషన్ మీద, అంటే జైలుకు బదులు షరతులతో బయట ఉన్న ఒక మహిళ చికిత్స మొదలుపెట్టిన కొద్ది రోజులకే టెస్టులో దొరికిపోయింది. చికిత్స కేంద్రంలో పడక దొరికేదాకా పది రోజులు జైల్లో ఉంచారు. ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు 2018లో దాన్ని సమర్థించింది. 1962 తీర్పు లేవనెత్తిన ప్రశ్న ఇంకా తేలలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరం వేరే దారి పట్టింది. కోర్టుకు రెండోసారి రాకముందే నిందితులు ఓవర్‌డోస్‌తో చనిపోతుంటే, 2017లో అక్కడ ఓపియాయిడ్ (హెరాయిన్‌లాంటి మత్తు) కోర్టు పెట్టారు. అరెస్టయిన కొన్ని గంటల్లోనే చికిత్స మొదలవుతుంది, కేసు పక్కన ఉంటుంది, మనిషి నెలపాటు రోజూ జడ్జికి కనిపించాలి. ఆ కోర్టు నడిపిన జడ్జి క్రెయిగ్ హన్నా ఒకప్పుడు తానూ మత్తుకు బానిసనేనని దాచుకోకుండా చెప్పాడు.

మన దేశంలో డ్రగ్ కోర్టులు లేవు. మత్తుపదార్థాలను నియంత్రించే ఎన్డీపీఎస్ చట్టం కింద ఉన్న స్పెషల్ కోర్టులు పెద్ద నేరాల విచారణకు పెట్టినవి. అయితే 1985 నాటి ఆ చట్టంలోనే చికిత్సకు దారి ఉంది. మత్తు వాడిన కేసులో, లేదా కొద్ది పరిమాణంతో దొరికిన కేసులో ఉన్న బానిస స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చేరితే 64ఏ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే అది పోవచ్చు. గంజాయికి కొద్ది పరిమాణమంటే కిలో దాకా, హెరాయిన్‌కు ఐదు గ్రాముల దాకా. ఇక ఇలాంటి కేసులో బానిసపై నేరం రుజువైతే, 39వ సెక్షన్ ప్రకారం కోర్టు వెంటనే శిక్ష వేయకుండా, ఆ వ్యక్తి ఒప్పుకుంటే బాండ్ రాయించుకుని ఆసుపత్రికి పంపవచ్చు. గంజాయి కేసులో కొడుకు ఇరుక్కున్న తల్లిదండ్రులు లాయర్‌ను మొదట అడగాల్సింది ఈ రెండు సెక్షన్ల గురించే.

కానీ 39వ సెక్షన్ అడిగేది చికిత్స ఫలితం మీద ఒక రిపోర్టు, దానికిచ్చే గడువు ఏడాది దాకా. ఆ లోపల జడ్జి అతన్ని పిలిచి ఎలా ఉన్నావని అడిగే ఏర్పాటు చట్టంలో ఎక్కడా లేదు. కొత్త భవనాలు, కొత్త కోర్టులు లేకుండానే, ఉన్న జడ్జి ముందే రెండు వారాలకో వాయిదా పెట్టించి ఈ లోటు తీర్చవచ్చు.