బిడ్డ వివరాల్లో ఖాళీ గడి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో మెట్టిన ఆడపడుచు తొలి కాన్పుకు నది దాటి తెలంగాణలోని పుట్టింటికి వెళ్తే, బిడ్డ జననం అక్కడే నమోదవుతుంది, టీకాల కార్డు తెలుగులో ఉంటుంది. కొన్ని నెలలకు ఆమె అత్తింటికి తిరిగి వచ్చాక అంగన్‌వాడీలో వివరాలు మరాఠీలో మళ్ళీ మొదలవుతాయి. కార్డు పుట్టింట్లోనే ఉండిపోతే పుట్టిన తేదీ గడి ఖాళీగా మిగులుతుంది, లేదా అందులో ‘ఏడాది’ అన్న ఉజ్జాయింపు చేరుతుంది.

అంగన్‌వాడీలో తూచిన బరువుకు అర్థం చెప్పేది వయసూ, ఆడామగా అన్న వివరమూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాల్లో ‘తక్కువ బరువు’ హద్దు ఏడాది మగపిల్లవాడికి 7.7 కిలోలు, పది నెలల వాడికి 7.4, ఏడాది ఆడపిల్లకు 7.0. అంటే 7.5 కిలోలు తూగిన బిడ్డ ఏడాది పిల్లవాడైతే తక్కువ బరువు కిందికి వస్తాడు. పది నెలల వాడైతే రాడు. ఏడాది ఆడపిల్లయితే హద్దుకు అరకిలో పైనే ఉంటుంది.

సమాచారం ఎందుకు లోపించిందో పట్టించుకోకుండా లెక్క కట్టడం ఎప్పుడు చెల్లుతుందో గణాంక శాస్త్రవేత్త డోనాల్డ్ రూబిన్ 1976లో వివరించారు. వాన నీళ్ళకు ఏవో కొన్ని పేజీలు చెరిగిపోతే లెక్కలోకి వచ్చే పిల్లలు తగ్గుతారు గాని ఫలితం ఒక పక్కకు ఒరగదు. కూలికి వలసపోయే ఇళ్ళ పిల్లల వివరాలే ఎక్కువగా లోపించి, బక్కచిక్కినవాళ్ళు కూడా ఆ ఇళ్ళలోనే ఎక్కువగా ఉంటే, ఖాళీ ఉన్న వరుసలన్నీ తీసేసిన లెక్కలో తాలూకా పిల్లలు ఉన్నదానికన్నా ఆరోగ్యంగా కనిపిస్తారు. ఆదుకోవలసిన బిడ్డలనే లెక్కలోంచి తప్పించే ఈ పద్ధతి అన్యాయమని నా అభిప్రాయం.

సగటు వయసుతో ఖాళీలు నింపినా మేలు లేదు. పిల్లల మధ్య ఉన్న తేడాలు అణిగిపోతాయి. ఎత్తు, వేసిన టీకాలు వంటి తెలిసిన వివరాల ఆధారంగా ఒక్కో ఖాళీకి పలు విలువలు అంచనా వేసి, ఆ అంచనాల మధ్య తేడాను కూడా ఫలితంలో చూపించడం మెరుగు. సామాజిక వర్గం వంటి కొన్ని గడులకు ఇదీ పనికిరాదు: లంబాడీలు తెలంగాణలో షెడ్యూల్డు తెగ, మహారాష్ట్రలో ‘విముక్త జాతి’ అనే వేరే వర్గం. ఆదిలాబాద్ కార్డులోని వర్గాన్ని మహారాష్ట్రలోని కిన్వట్‌లో ఉన్నదున్నట్టు ఎక్కిస్తే తప్పే చేరుతుంది.

జిల్లా లెక్కకు వాడిన అంచనా వయసును బిడ్డ వివరాల్లో అసలు తేదీగా ఎక్కించకూడదు. బిడ్డ దసరాకు ముందు పుట్టిందా, సంక్రాంతికి బోర్లా పడుతోందా అని తల్లిని అడిగితే నెల దాకా తేలవచ్చు. ఈలోగా దండచేయి (మోచేతికి పైభాగం) చుట్టుకొలత తీయవచ్చు. ఆరు నెలలు నిండి ఐదేళ్ళు దాటని బిడ్డ ఆడైనా మగైనా అది 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపమే, కచ్చితమైన తేదీ దొరికేదాకా చికిత్స ఆపనక్కరలేదు.