డీఆర్ఏ పైపును నున్నగా చెయ్యదు: అపోహలు - వాస్తవాలు

ద్రవాల పైప్‌లైన్లలో ఘర్షణ తగ్గించడానికి కలిపే రసాయనాన్ని డ్రాగ్ రెడ్యూసింగ్ ఏజెంట్ అంటారు. మా వాడుకలో డీఆర్ఏ. దీని మీద ఉన్న అపోహలు చాలావరకు ఒకే ఊహ నుంచి పుడతాయి: ఇదేదో జారుడు మందని.

అపోహ: పైపు లోపలి గోడకు పూతలా పట్టి నునుపు చేస్తుంది.

గోడకు ఏమీ అంటదు. ఇది ద్రవంలోనే కరిగే పాలిమర్. క్రూడ్, డీజిల్ లైన్లలో ఎక్కువగా వాడేది పాలీ ఆల్ఫా ఓలెఫిన్; దీని అణువులు చాలా పొడవైన గొలుసులు. ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు గోడ పక్కనే పలుచని పొరలో సుడులు పుట్టి మధ్యలోకి ఎగదన్నుతుంటాయి. పంపు ఇచ్చిన శక్తిలో పెద్ద వాటా ద్రవాన్ని ముందుకు తోయడానికి కాక ఈ సుడులకే పోతుంది. పాలిమర్ గొలుసులు అక్కడ సాగి, సుడులు ముదరకుండా అణిచేస్తాయి. ఇంజెక్షన్ ఆపేశాక, డీఆర్ఏ కలిసిన సరుకు లైన్ దాటిపోగానే ప్రెషర్ మళ్లీ పాత లెక్కకే వస్తుంది. పూతే అయితే అలా జరగదు కదా!

అపోహ: చిక్కటి నూనెకు ఇంకా బాగా పనిచేస్తుంది.

నిజం దీనికి తలకిందులు. పది లక్షల పాళ్లలో పదో ఇరవయ్యో పాళ్లు కలిపితే నూనె చిక్కదనం దాదాపు మారదు. సుడులే లేని చోట డీఆర్ఏకి పని లేదు. రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో సుడులు పుడతాయో లేదో చెప్పే లెక్క) 2000 లోపు ఉండి, నూనె పొరలు పొరలుగా సాగే లైన్లో దీన్ని పోయడం డబ్బు పోయడమే. అక్కడ వేడి చేయాలి, లేదా పలుచన చేయాలి. మైనం ఎక్కువున్న క్రూడ్ గడ్డకట్టకుండా వేసే పోర్ పాయింట్ డిప్రెసెంట్ పూర్తిగా వేరే మందు. రెండూ ఒకటేనన్నట్టు మాట్లాడటం మీటింగుల్లో కూడా వింటుంటాను.

అపోహ: మొదటి పంపింగ్ స్టేషన్‌లో వేస్తే చివరిదాకా చాలు.

సెంట్రిఫ్యూగల్ పంపులో గిర్రున తిరిగే చక్రం (ఇంపెల్లర్) గుండా వెళ్తే కరిగిన గొలుసులు తెగిపోతాయి, మళ్లీ అతుక్కోవు. అందుకే పంపులూ కంట్రోల్ వాల్వూ దాటాక, డిశ్చార్జి వైపు, అంటే ద్రవం స్టేషన్ నుంచి బయటకు వెళ్లే వైపు ఇంజెక్ట్ చేస్తాం. తర్వాతి స్టేషన్ దాటాక మళ్లీ వేయాల్సిందే.

అపోహ: డ్రాగ్ (ఘర్షణ) 50 శాతం తగ్గితే ఫ్లో 50 శాతం పెరుగుతుంది.

ప్రెషర్ అదే ఉంచితే పెరిగేది సుమారు 46 శాతం. 30 శాతం తగ్గితే 22 దగ్గర. అదీ ఘర్షణ నష్టం వరకే. కొండ ఎక్కించడానికి కావాల్సిన ప్రెషర్‌ని డీఆర్ఏ ముట్టుకోదు. కాబట్టి ఎత్తుపల్లాలున్న లైన్‌కి సమతలం లైన్ లెక్కలు చూపించి మురిసిపోకూడదు. డోసు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు. పెంచేకొద్దీ అదనపు లాభం తగ్గుతూ, డ్రాగ్ తగ్గుదల 80 శాతం దగ్గర ప్రకృతే గీత గీస్తుంది.

ఎక్కువమంది వదిలేసే విషయం ఇంకోటుంది. ఫ్లో పెంచకుండా కరెంటు ఆదా కోసమే డీఆర్ఏ వాడుతూ, మిగిలిన ప్రెషర్‌ని కంట్రోల్ వాల్వ్ దగ్గరే చంపేస్తుంటే బిల్లు తగ్గదు, మందు ఖర్చు మాత్రం అదనం. ఒక పంపు ఆపగలగాలి, లేదా వేగం తగ్గించగలగాలి. నా దృష్టిలో డోసు గురించి మాట్లాడే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

అపోహ: ఇది నిన్నగాక మొన్నటి ప్రయోగం.

టామ్స్ అనే శాస్త్రవేత్త ఈ ప్రభావాన్ని 1948లోనే వివరించారు. అలాస్కా క్రూడ్ పైప్‌లైన్లో 1979లోనే వాడటం మొదలుపెట్టారు.

అపోహ: ఏ ఇంధనంలోనైనా కలపొచ్చు.

విమాన ఇంధనంలో దీనికి అనుమతి లేదు. ఒకే లైన్లో డీజిల్, ఏటీఎఫ్ (విమాన ఇంధనం) వంతులవారీగా వెళ్లేచోట ఏటీఎఫ్ బ్యాచ్‌కి ఇంజెక్షన్ ఆపడం ఒక్కటే చాలదు. ముందు వెళ్లిన డీజిల్‌లోని డీఆర్ఏ ఇంటర్‌ఫేస్ దగ్గర, అంటే రెండు ఇంధనాలు కలిసే చోట, ఏటీఎఫ్‌లో కలిసే ప్రమాదముంది. అందుకే డీజిల్ బ్యాచ్ తోక భాగానికి ముందుగానే ఇంజెక్షన్ ఆపేసి, కట్ (రెండు ఇంధనాలను వేరుచేసే చోటు) ఎక్కడ తీయాలో కూడా లెక్కేసి పెట్టుకోవాలి.