వణకకుండానే వెచ్చబడే చిట్టెలుక

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

గుప్పెడంత కూడా లేని ఎలుక గడ్డకట్టే చలిలో ఎలా బతుకుతుందని అడిగారు. బొచ్చుంది కదా అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అసలు కిటుకు దాని వీపులో ఉంది.

ముందు ఒక లెక్క. భుజం 1 సెంటీమీటరు ఉన్న ఘనానికి ఘనపరిమాణం 1, ఉపరితల వైశాల్యం 6. భుజం 10 సెంటీమీటర్లయితే ఘనపరిమాణం 1000, వైశాల్యం 600 మాత్రమే. అంటే ఒళ్లు చిన్నదయ్యే కొద్దీ లోపలి సరుకుతో పోలిస్తే చర్మం ఎక్కువ. వేడి పోయేది చర్మం గుండానే. ఏనుగుకు లేని టెన్షన్ ఎలుకకు ఇదే!

చలేస్తే ఎలుకా మనలాగే వణుకుతుంది. కండరాలు కదిలితే వేడి పుడుతుంది. కానీ వణుకుతూ తిండి వెతుక్కోవడం ఎంత కష్టం! తమాషా ఏమిటంటే, కొన్ని వారాలు చలిలో ఉంటే దాని వణుకు బాగా తగ్గిపోతుంది, ఒంటి వేడి మాత్రం తగ్గదు.

భుజపుటెముకల మధ్య దానికి గోధుమరంగు కొవ్వు ఉంటుంది. ఆ కణాల నిండా మైటోకాండ్రియాలే, అంటే కణానికి శక్తి తయారుచేసే బుల్లి కొలిమిలే. వాటిలోని ఇనుము వల్లే ఆ రంగు. మామూలు కణాల్లో మైటోకాండ్రియా ఆనకట్టలాంటిది: లోపలి పొర అవతల ప్రోటాన్లనే ధనావేశపు రేణువులను నిలవబెట్టి, అవి తిరిగొచ్చే దారిలో ఏటీపీ అనే శక్తి సరుకు తయారుచేసుకుంటుంది. ఈ కొవ్వులో మాత్రం యూసీపీ1 అనే ప్రోటీన్ పక్క తూము తెరుస్తుంది. ప్రోటాన్లు అటునుంచి వచ్చేస్తాయి, ఏటీపీ తయారవదు, ఆ శక్తంతా వేడిగా మారుతుంది. తూము తెరవమని కబురు పంపేది మెదడు. చర్మానికి చలి తగలగానే నరాల చివర్ల నుంచి నోరాడ్రినలిన్ అనే రసాయనం విడుదలై కొవ్వు కరగడం మొదలవుతుంది. పుట్టిన వేడిని రక్తం ఒళ్లంతా మోస్తుంది.

ఆర్కిటిక్ నేల ఉడుత శీతాకాలపు నిద్రలో సున్నా డిగ్రీల కంటే చల్లబడుతుంది, గడ్డ మాత్రం కట్టదు. మధ్యమధ్య మేలుకునేటప్పుడు ముందు రాజుకునేది ఈ కొవ్వే, తర్వాత వణుకు తోడవుతుంది.

ఊరికే రాదు ఇదంతా. కొవ్వు కాలితే మళ్లీ తినాలి, అందుకే చలిలో ఎలుక తిండి పెరుగుతుంది.

పుట్టినప్పుడు మీ వీపుల్లోనూ ఈ కొవ్వు ఉండేది. పసిపిల్లలకు సరిగ్గా వణకడం రాదు మరి! పందుల్లో మాత్రం యూసీపీ1 జన్యువు ఏనాడో పాడైపోయింది. పందిపిల్లలు పుట్టగానే వణుకుతూ ఒకదాని మీద ఒకటి పడి తల్లిని అంటుకుని పడుకునేది అందుకే.

మీ తాతయ్య