వేలికి సూది గుచ్చితే రోజా పోదు: అపోహలు, వాస్తవాలు

రంజాన్ ఉపవాసాలు (రోజాలు) దగ్గరపడితే చాలు, షుగర్ రోగులు అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, షుగర్ చూసుకుంటే రోజా పోతుందట కదా?" ఎవరన్నారని అడిగితే ఎవరో చెప్పారంటారు, లేదా ఫోన్‌లో మెసేజ్ వచ్చిందంటారు. అడిగేవారి మీద నాకు కోపం లేదు, వాళ్లది భక్తితో కూడిన భయం. ఏమీ తెలియకుండా ఇలాంటివి పంచేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: రక్తం చుక్క తీసినా, ఇన్సులిన్ వేసుకున్నా రోజా భంగమే.

వాస్తవం: కాదు. 1997లో జెడ్డాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ ఈ విషయం స్పష్టంగా చెప్పింది. పరీక్ష కోసం రక్తం తీయడం వల్ల గానీ, చర్మం కింద వేసే ఇంజెక్షన్ల వల్ల గానీ రోజా పోదు. ఆహారానికి బదులుగా ఎక్కించే పోషక ద్రవాల సంగతి వేరు.

ఈ ఒక్క అపోహ ఎంత నష్టం చేస్తుందో చూడండి. సహరిలో, అంటే తెల్లవారుజాము భోజనంతో, వేసుకున్న గ్లిమెపిరైడ్ అనే షుగర్ తగ్గించే మాత్ర పగలంతా పనిచేస్తూనే ఉంటుంది. కడుపులోకి మాత్రం ఏమీ వెళ్లదు. మధ్యాహ్నం దాటేసరికి చెమటలు, వణుకు, గుండెదడ మొదలైతే ఉపవాసపు నీరసమనుకుని పడుకుంటారు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో కొందరికి ఆ లక్షణాలు కూడా తెలియవు, మీటర్ చూపిస్తేనే తెలుస్తుంది. 2001లో 13 దేశాల్లో షుగర్ రోగుల రంజాన్ ఉపవాసాలపై జరిగిన ఎపిడయార్ అధ్యయనంలో, రంజాన్ నెలలో ఆసుపత్రిలో చేరాల్సినంత లో షుగర్ టైప్ 2 రోగుల్లో 7.5 రెట్లు పెరిగింది. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 వాళ్లు రోజా పోతుందని భయపడి ఇన్సులిన్ మానేస్తే ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది, కీటోఅసిడోసిస్ రూపంలో, అంటే రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకుపోవడం.

ఒక పెద్దాయనను ఇఫ్తార్‌కు కాస్త ముందు స్పృహ లేని స్థితిలో తీసుకొచ్చారు. చేతిసంచిలో మీటర్ ఉంది, స్ట్రిప్‌ల డబ్బా సీలు కూడా తీయలేదు. గ్లూకోజ్ ఎక్కాక కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట: "నా రోజా పోయిందా?" ఈ రోజాను తరవాత పూర్తి చేసుకోవచ్చని చెప్పినా ఆయన కన్నీళ్లు ఆగలేదు. చివరికి వాళ్ల ఇమామ్‌గారికి ఫోన్ చేయించాను. ఆయనా అదే మాట చెప్పాకే పెద్దాయన మనసు కుదుటపడింది. అప్పటినుంచి నా సలహాతో పాటు మీ ఇమామ్‌గారినీ అడగమని నేనే చెబుతున్నాను.

అపోహ: జబ్బు పేరుతో ఉపవాసం మానితే పాపం.

వాస్తవం: ఖురాన్ రెండో సూరా (అధ్యాయం) 184, 185 ఆయతులు (వాక్యాలు) రోగులకు, ప్రయాణికులకు వేరే రోజుల్లో పూర్తి చేసుకునే వెసులుబాటు ఇచ్చాయి. నయమయ్యే ఆశ లేనివారు రోజుకొక పేదవాడికి అన్నం పెడతారు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాల్సిందే, ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా సరే. యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్‌లో సుమారు 25 గంటలు మంచినీళ్లు కూడా ముట్టరు. అయినా ప్రాణాపాయం ఉంటే తినడమే వాళ్ల ధర్మశాస్త్రం చెప్పే విధి. రోగికి ఆహారం పెట్టే విషయంలో నిపుణుల మాట వినాలని వాళ్ల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోని యోమా భాగం ఎనిమిదో అధ్యాయంలోనే ఉంది.

అపోహ: ఈస్టర్‌కు ముందు వచ్చే క్రైస్తవుల తపస్సు కాలమంటే నలభై రోజులూ పస్తులే.

వాస్తవం: కాథలిక్ నియమంలో తప్పనిసరి ఉపవాస దినాలు రెండే, భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే. ఆ రోజుల్లోనూ ఒక పూట పూర్తి భోజనం ఉంటుంది. రోగులకు మినహాయింపూ ఉంది. సొంత మొక్కుతో కఠిన ఉపవాసం చేసేవారు మాత్రం ముందే వైద్యుడికి చెప్పాలి.

అపోహ: నిరుడు రంజాన్‌కు రాసిన మందుల మోతాదే ఈసారికీ సరిపోతుంది.

వాస్తవం: రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరులో మళ్లీ మొదలవుతుంది. పగటి నిడివి మారితే లెక్కలూ మారతాయి. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే రండి. ఈద్ తరవాత మందులు ఏ వేళకు, ఎంత మోతాదులో వేసుకోవాలో కూడా అప్పుడే రాయించుకోండి. తగ్గించిన మోతాదు మీదే పండుగ విందులకు కూర్చుని, షుగర్ 400 దాటాక వచ్చేవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.